ఇల్లు కట్టని ఇటుకలు

కొనమనాలా, వద్దనాలా? ఈ ఒక్క మాట తేల్చుకోలేక నందియ భిక్షువు నెల రోజులుగా నలిగిపోతున్నాడు.

కొనవలసినవి ప్లాస్టిక్ ఇటుకలు. పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి ఇళ్ళూ, బళ్ళూ, వంతెనలూ కట్టుకునే బొమ్మ ఇటుకలు. రాజమండ్రిలో పళ్ళ డాక్టరు హైమావతి గారు నాలుగు పెట్టెలు కారులో తెచ్చి విహారంలో దింపించారు.

"పిల్లల చేత ఆడించి చూడండి భంతే. బాగున్నాయంటే గట్టు కింద ఉన్న ఏడు బడులకీ కొనిస్తాను. దండగ అంటే ఈ నాలుగూ వెనక్కి పట్టుకుపోతాను. మా వీధి కాన్వెంటు వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు. మీ మాటే నాకు మాట," అన్నారావిడ.

మీ మాటే నాకు మాట అన్నప్పుడు నందియకి లోలోపల సంతోషం వేసింది. భిక్షువుకి వెయ్యకూడదు గానీ వేసింది. కాషాయ చీవరం కట్టకముందు అతను పంతుళ్ళకి శిక్షణ ఇచ్చే కళాశాలలో పిల్లల మనస్తత్వం గురించి పాఠాలు చెప్పేవాడు. ఒక ఆటవస్తువు మంచిదా కాదా అని చూడటానికి అతని దగ్గర పన్నెండు ప్రశ్నల పట్టిక ఒకటి ఉండేది. ఉద్యోగం వదిలాడు, జుట్టు వదిలాడు, పట్టిక మాత్రం వదల్లేదు.

ఆ సంతోషం ఒక వారం నిలిచింది.

విహారం అంటే పెద్దగా ఊహించుకోకండి. గోదావరి గట్టు దిగువన పేటవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్న రేకుల షెడ్డు. సిమెంటు నేల, ఒక మూల సున్నపు బుద్ధుడు, వెనక రెండు చిన్న గదులు. ఒక గదిలో పెద్ద భంతే, అంటే పెద్ద భిక్షువు ఉపసేనుడు, ఇంకో గదిలో నందియ. పెద్దాయనకి డెబ్భై నాలుగేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయి. అందుకని బడి భారమంతా నందియ మీదే పడింది.

బడికి వచ్చేది ఇటుక బట్టీల పిల్లలు. కార్తీకం వెళ్ళగానే విజయనగరం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు లారీల్లో దిగుతాయి. మళ్ళీ తొలకరి పడేదాకా బట్టీ పక్కన వేసుకున్న పాకల్లోనే కాపురం. పెద్దవాళ్ళు మట్టి తొక్కుతారు, అచ్చుపోస్తారు. అచ్చుపోసిన పచ్చి ఇటుకలు వరసలుగా నేల మీద ఆరతాయి. ఒక పక్క ఆరాక ఒక్కొక్కదాన్నీ రెండో పక్కకి తిప్పాలి. వరసల మధ్య పెద్దవాళ్ళ పాదం పట్టదు, పట్టినా పక్క ఇటుక నలుగుతుంది. పిల్లల పాదం చిన్నది, చెయ్యి తేలిక. అందుకని తిప్పే పని పిల్లలది.

ఎండెక్కితే ఇటుక బీటలిస్తుంది గనక ఈ పని తెల్లవారకముందే మొదలవుతుంది. అంటే పిల్లల్ని ఎప్పుడు లేపుతారో మీరే లెక్క వేసుకోండి. ఇది ఎవరి పాపం అని అడిగితే తల్లి మేస్త్రీని చూపిస్తుంది, మేస్త్రీ యజమానిని చూపిస్తాడు, యజమాని ఇటుకలు కొనేవాళ్ళని చూపిస్తాడు. ఇటుకలు కొనేవాళ్ళం మనమే గనక ఆ మాట అక్కడితో ఆపుదాం.

పని అయ్యాక ఇంత గంజి తాగి, మధ్యాహ్నం ఒంటిగంటకి పిల్లలు విహారానికి వస్తారు. పంతొమ్మిది మంది. వస్తూనే సగం మందికి కళ్ళు మూతలు పడుతుంటాయి. అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ పలక మీద తల వాల్చేస్తారు. నందియ వాళ్ళని మెల్లగా లేపుతాడు. మళ్ళీ వాలతారు, మళ్ళీ లేపుతాడు. అతనూ నాలుగింటికే లేచి ధ్యానానికి కూర్చునే మనిషి. భిక్షకి వెళ్ళి రావాలి, పెద్దాయన కాళ్ళకి తైలం రాయాలి, పిల్లలకి పాఠం చెప్పాలి, రాని పిల్లల కోసం పాకల చుట్టూ తిరగాలి. ఎవరిని ఎవరు లేపుతున్నారో తెలియని బడి అది.

ఇలాంటి బడిలోకి బొమ్మ ఇటుకలు వచ్చాయి.

మొదటి రోజు నందియ పెట్టె తెరిచి పిల్లల ముందు పెట్టాడు. పెట్టె మీద రెండంతస్తుల ఇంటి బొమ్మ ఉంది. ఎర్ర కప్పు, తెల్ల కిటికీలు, ముందు రెండు పూల మొక్కలు. పిల్లలు ఆ బొమ్మని కాసేపు చూశారు. తర్వాత ఇటుకల్ని చూశారు. తర్వాత పైడమ్మ వైపు చూశారు.

పైడమ్మకి తొమ్మిదేళ్ళు. వాళ్ళలో అదే పెద్దది. అది లేచి పెరట్లోకి పోయి గుప్పెడు ఇసుక తెచ్చి సిమెంటు నేల మీద చల్లింది. ఇటుకల్ని ఒక్కొక్కటే తీసి, బెత్తెడు ఎడం ఇచ్చి, వరసగా పరిచింది. మిగతావాళ్ళు తలా ఒక వరస పట్టుకున్నారు. పావుగంటలో విహారం నేల నిండా ఎరుపూ, పసుపూ, నీలం ఇటుకలు పరుచుకున్నాయి.

"అలా కాదమ్మా," అన్నాడు నందియ. "వీటికి బొడిపెలు ఉన్నాయి చూడు. ఒకదానికొకటి అంటించాలి."

"అంటుకుపోతే ఆరవు సామీ," అంది పైడమ్మ.

"ఇవి పచ్చివి కాదమ్మా, ప్లాస్టిక్కువి."

పైడమ్మ అతని వంక జాలిగా చూసింది. ఈ సామికి పాపం ఏమీ తెలీదు అన్నట్టు.

"సరే, ఇల్లు కడదామా?"

"మావు కట్టం సామీ. ఇల్లు కట్టీవోలు ఏరేగుంతారు."

బట్టీ పిల్లలకి ఇటుకల సంగతి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పినట్టే. అయినా నందియ పట్టు విడవలేదు. రెండో రోజు తనే కూర్చుని పెట్టె మీద బొమ్మలో ఉన్నట్టు ఇల్లు కట్టి చూపించాడు. కిటికీలు పెట్టాడు, కప్పు వేశాడు. పిల్లలు కదలకుండా చూశారు. అయిపోయాక గౌరీసు అనే ఏడేళ్ళ కుర్రాడు చెయ్యెత్తాడు. నందియకి ప్రాణం లేచి వచ్చింది.

"దీంట్లోకి ఎన్ని ఇటికలు పట్టినాయి సామీ?"

మూడో రోజు నందియ వచ్చేసరికి ఆ ఇల్లు లేదు. దాని ఇటుకలన్నీ మళ్ళీ నేల మీద వరసల్లో ఉన్నాయి.

ఇక అక్కడి నుంచి రోజూ అదే తంతు. పిల్లలు వస్తారు, ఇసుక చల్లుతారు, ఇటుకలు పరుస్తారు, కాసేపు ఆగి ఒక్కొక్కదాన్నీ పక్కకి తిప్పుతారు. నందియ అరగంట ఓపిక పడతాడు. అరగంట కాగానే చప్పట్లు కొట్టి, ఇళ్ళ బొమ్మల పుస్తకం తెరిచి, "చాలు, ఇక ఇటు చూడండి," అంటాడు. పిల్లలు చేతుల్లో ఉన్నవి అక్కడే వదిలేసి ఇటు తిరుగుతారు. పుస్తకంలో రెండో పేజీ వచ్చేసరికి ముగ్గురు కునికిపాట్లు పడుతుంటారు.

నెలాఖరుకి పట్టిక నిండింది. ఊహాశక్తి: లేదు. కొత్తగా చేసినది: లేదు. బొమ్మ చూసి కట్టడం: లేదు. సంతోషం అన్న గడి దగ్గర నందియ చాలాసేపు ఆగాడు. ఈ పిల్లలు ఆడుతున్నంతసేపూ ఒక్కసారీ నవ్వలేదు. నవ్వు లేని ఆట ఎలాంటి ఆటో అతను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

మర్నాడు మూడింటికి డాక్టరు గారు వస్తానని కబురు పంపారు.

ఆ రోజే భోజనం అయ్యాక నందియ పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. ఉపసేనుడు వరండాలో కూర్చుని చిరిగిన చీవరానికి కుట్లు వేసుకుంటున్నాడు. సూదిలో దారం ఎక్కించలేక మూడుసార్లు విఫలమైనట్టున్నాడు, నందియని చూడగానే సూదీ దారం అతని చేతికిచ్చాడు.

నందియ దారం ఎక్కిస్తూ మొదలుపెట్టాడు.

"భంతే, ఆ ఇటుకలు వద్దని చెప్పేద్దామనుకుంటున్నాను."

"ఊఁ."

"చెడ్డవని కాదు. మంచి వస్తువులే. కానీ మన పిల్లలకి పనికిరావు. పొద్దున్నుంచి ఏ పనిలో నలిగి వస్తారో, ఇక్కడికొచ్చి మళ్ళీ అదే చేస్తున్నారు. ఇంకో ఆట ఆడటం వాళ్ళకి చేతకావడం లేదు. నేను చూడలేకపోతున్నాను. ఆ ఇటుకలు కళ్ళ ముందు లేకపోతేనే నయం. కాన్వెంటు పిల్లలకి ఇస్తే వాళ్ళన్నా ఇళ్ళు కట్టుకుంటారు."

"ఊఁ."

"నాకు చేతనైనంతా చేశాను భంతే. బొమ్మలు చూపించాను, కట్టి చూపించాను, కథలు చెప్పాను. నాలో ఇంక ఏమీ మిగల్లేదు. వాళ్ళు ఇల్లు కట్టరు. అంతే."

ఈ చివరి మాట అంటూ సూదిని విసురుగా చాపాడు. కోపం అనుకున్నాడు గానీ అది కోపం కాదు, అలసట. ఆ రెండింటికీ తేడా తెలియనంతగా అలిసిపోయి ఉన్నాడు.

ఉపసేనుడు సూది అందుకుని రెండు కుట్లు వేశాడు.

"ఆ ఆట చివరికి ఏమవుతుంది?" అని అడిగాడు.

"ఏ ఆట?"

"పరుస్తారు, తిప్పుతారు అన్నావు. తర్వాత?"

నందియ ఆలోచించాడు. "తర్వాత ఏమీ లేదు భంతే. అరగంట కాగానే నేనే ఆపుతాను."

"రేపు నేనూ వస్తాను," అన్నాడు ఉపసేనుడు, కుట్టుకుంటూనే.

మర్నాడు ఒంటిగంటకి పెద్దాయన గోడ పట్టుకుని మెల్లగా హాల్లోకి వచ్చాడు. పిల్లలు అప్పటికే ఇసుక చల్లుతున్నారు. తాత వచ్చినాడు, తాత వచ్చినాడు అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఆయన బుద్ధుడి ముందు వేసిన ఆసనం దాకా వెళ్ళలేదు. ఇటుకల పెట్టె పక్కన, వట్టి నేల మీద, అబ్బా అంటూ చతికిలబడ్డాడు.

"నాకేం పని ఇస్తావు, మేస్త్రీ?" అని పైడమ్మని అడిగాడు.

పిల్లలందరూ ఒక్కసారి ఆగిపోయారు. పైడమ్మ తడబడలేదు. ఆయన్ని పైనించి కింది దాకా చూసింది. కొత్త కూలీని మేస్త్రీ చూసే చూపు అది.

"మోకాళ్ళు నొప్పులా, తాతా?"

"అవును."

"అయితే లెగకు. ఇటు సివర కూకో. ఈ వరస నీది."

ఉపసేనుడు తన వరస పరవడం మొదలుపెట్టాడు. వరస వంకరపోతోంది. పైడమ్మ వచ్చి తల మీద నిలబడింది.

"ఏటది, పావులాగెల్తంది? తీసీ. మల్లీ పెట్టు."

నందియ కంగారుగా ముందుకు వచ్చాడు. డెబ్భై నాలుగేళ్ళ భంతే, జిల్లా అంతా కాళ్ళకి మొక్కే మనిషి. ఆయన మాత్రం పెట్టిన ఇటుకలన్నీ తీసేసి మళ్ళీ మొదటి నుంచి పెట్టుకొస్తున్నాడు. ఎడం సరిగ్గా ఉందో లేదో పక్క వరసలో గౌరీసుని చూసి నేర్చుకుంటున్నాడు.

పరవడం అయింది. పిల్లలు కాసేపు చేతులు ముడుచుకు కూర్చున్నారు. ఆరుతున్నాయి గాబోలు. తర్వాత తిప్పడం మొదలైంది.

గోడ గడియారంలో అరగంట అయింది. నందియ అలవాటుగా ఇళ్ళ బొమ్మల పుస్తకం తీసుకున్నాడు. డాక్టరు గారు వచ్చేలోగా ఒక్క గోడయినా లేపించగలిగితే, ఒక్కటంటే ఒక్కటి, అని ఇంకా అతనికి ఎక్కడో ఆశ ఉంది. చప్పట్లు కొట్టడానికి చేతులు ఎత్తాడు.

"నందియా," అన్నాడు ఉపసేనుడు, తల ఎత్తకుండానే. "ఇక్కడ ఒక వరస తిప్పేవాళ్ళు లేరు."

ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. నందియ పుస్తకం కిటికీలో పెట్టి, చీవరం సర్దుకుని, ఖాళీ వరస ముందు గొంతుక్కూర్చున్నాడు.

తిప్పడం అనుకున్నంత సులువు కాదు. రెండు వేళ్ళతో పట్టుకోవాలి, పక్కదానికి తగలకూడదు, తిప్పినది తూలకూడదు. నాలుగు ఇటుకలకే నడుం పట్టేసింది. పక్కన గౌరీసు చూడకుండానే తిప్పుకుపోతున్నాడు. వాడి చూపు ఎక్కడో ఉంది, వేళ్ళు మాత్రం పని చేస్తున్నాయి. ఈ వేళ్ళు ఇవాళ ఇప్పటికే ఎన్ని ఇటుకల్ని తిప్పి వచ్చాయో అని నందియకి తోచింది. నెల రోజులుగా ఆ వేళ్ళకేసి చూస్తూనే ఉన్నాడు గానీ పక్కన కూర్చుని చూడలేదు.

పైడమ్మ చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య నడుస్తోంది. పొట్ట ముందుకి పెట్టి, గడ్డం ఎత్తి, ఒక కాలు కాస్త ఈడుస్తూ. బట్టీ మేస్త్రీ నడక అదేనని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఏటి సూత్తన్నావు? సేతులు పడిపోనాయా?" అని ఒకణ్ణి కసిరింది. "నిదరొత్తందా? మీ అమ్మని పిలవనా?" అని ఇంకొకదాన్ని కసిరింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ బెదరలేదు కూడా. వినవలసిన మాటలు విన్నట్టు విని, పని చేసుకుపోయారు.

తిప్పినవి ఆరాయి. ఇక ఎత్తి ఒకచోట పేర్చాలట. ఇది నందియ ఎన్నడూ చూడలేదు. పిల్లలందరూ గొలుసులా నిలబడి చేతులు మార్చుకుంటూ ఇటుకలు అందిస్తున్నారు. గోడకి దగ్గరగా ఇద్దరు, గాలి ఆడటానికి సందులు వదులుతూ, అడ్డం ఒకటి నిలువు ఒకటి పేరుస్తున్నారు. అంటించకుండానే నడుం ఎత్తు లేచింది. ఉపసేనుడు కూర్చున్నచోటే గొలుసులో చేరాడు. నందియ కూడా చేరాడు. ఎంత సేపయిందో అతనికి తెలియలేదు.

ఆఖరి ఇటుక పైన పెట్టారు.

పిల్లలందరూ వచ్చి నేల మీద కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని పైడమ్మ నోటి వంకే చూస్తున్నారు. తర్వాత బట్టీ కాల్చే ఆట అనుకున్నాడు నందియ.

పైడమ్మ ఆ పేర్పు చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఒకచోట వంగి చూసింది. ఒక ఇటుకని వేలితో కాస్త లోపలికి నెట్టింది. తర్వాత నిటారుగా నిలబడి వెనక్కి కట్టుకున్న చేతులు విప్పింది. పొట్ట లోపలికి పోయింది, గడ్డం కిందికి దిగింది. ఇప్పుడు అది ఎవరి నడకా కాదు, దాని నడకే.

"ఈయేల్టికి సాలు," అంది. "పనైపోనాది. ఇంక తొంగోండి. ఎవుల్నీ లేపకూడదు."

అప్పుడు నవ్వారు. మిగతా పద్దెనిమిది మందీ ఒక్క పెట్టున నవ్వి, ఎక్కడివాళ్ళు అక్కడ నేల మీద పడిపోయారు. ఒకరి కాలు ఒకరి మీద, ఒకరి తల ఒకరి పొట్ట మీద. కాసేపు కిసకిసలు వినిపించాయి. తర్వాత అవీ ఆగిపోయాయి.

ఉపసేనుడు మేస్త్రీ చెప్పిన మాట విని కుడి పక్కకి తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకున్నాడు. ఆయన నటించడం లేదు. హాయిగా కాళ్ళు చాపుకున్నాడు.

నందియ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"నీకు సెప్నేదా, సామీ?" పైడమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాకు పని ఉందమ్మా. డాక్టరమ్మ గారు వస్తారు. ఆవిడకి చెప్పాలి..."

"సాలన్నాను."

బతిమాలినట్టు లేదు, కసిరినట్టూ లేదు. రోజూ ఎవరో ఒకరు చెప్పవలసిన మాటని చెప్పినట్టు ఉంది. ఈ మాట తనకి ఎవరు చెప్పి ఎన్నాళ్ళయిందా అని నందియ వెతుక్కున్నాడు. దొరకలేదు. తనకి తను కూడా చెప్పుకోలేదు. కళ్ళు నిండాయి. తొమ్మిదేళ్ళ పిల్ల ముందు ఏడవటానికి సిగ్గేసి గబుక్కున పడుకున్నాడు. సిమెంటు నేల చల్లగా తగిలింది.

గౌరీసు అతని చెవి పక్కనే ఉన్నాడు. కళ్ళు మూసుకునే, గుసగుసగా అన్నాడు.

"నువ్వు ఇక్కడిదాకా ఎప్పుడూ రానీవు సామీ. మధ్యలోనే సప్పట్లు కొట్టీత్తావు."

వాడి గొంతులో ఫిర్యాదేమీ లేదు. ఉన్న సంగతి చెప్పాడంతే. నందియ మాత్రం ఆ ఒక్క మాటకి ముక్కలైపోయాడు. నెల రోజులు. రోజూ అరగంట కాగానే. రోజూ ఈ పిల్లలు పరిచి, తిప్పి, ఈ మాట దగ్గరికి రాకముందే తను చప్పట్లు కొట్టాడు. బట్టీలో నిద్ర సగం, బడిలో ఆట సగం. వీళ్ళ ఆట ఒక్క రోజూ పూర్తి కాలేదు.

"ఇక కొట్టను," అన్నాడు. గౌరీసు వినలేదు. వాడి నోరు అప్పటికే సగం తెరుచుకుని ఉంది.

బయట కారు ఆగిన చప్పుడైంది. నందియ మోచేతి మీద లేవబోయాడు. ఉపసేనుడి చెయ్యి వచ్చి అతని మణికట్టు మీద పడింది.

"మేస్త్రీ లేపలేదు," అన్నాడాయన, కళ్ళు తెరవకుండా.

హైమావతి గారు చెప్పులు విడిచి గుమ్మంలోకి వచ్చారు. ఇద్దరు భిక్షువులూ, పిల్లలందరూ నేల మీద పడి ఉండటం చూసి ఆవిడకి ముందు భయం వేసింది. పైడమ్మ ఎదురు వెళ్ళి నోటి మీద వేలు పెట్టి చూపించింది.

ఆవిడ గొంతు తగ్గించారు. "పాపం, అలిసిపోయారా? ఆడుకుంటున్నప్పుడు చూద్దామని వచ్చాను. ఆట అయిపోయిందా?"

"ఆటలోనే ఉన్నామమ్మా," అన్నాడు ఉపసేనుడు.

డాక్టరు గారు పిల్లల్ని చూశారు. గోడ పక్కన రంగురంగుల పేర్పుని చూశారు. అది ఇల్లు కాదు, వంతెన కాదు, పెట్టె మీద బొమ్మల్లో అలాంటిదేదీ లేదు. ఆవిడకి ఏం అర్థమయిందో, ఎంత అర్థమయిందో తెలీదు. కాసేపటికి నందియ వైపు కాస్త వంగారు.

"మరి ఏమంటారు భంతే? కొనమంటారా?"

వద్దనడానికి నందియ దగ్గర నాలుగు కారణాలు ఉన్నాయి. పొద్దున్నే వరసగా అనుకుని మరీ పెట్టుకున్నాడు. ఎవరైనా వస్తే లేవకుండా మాట్లాడటం అతను జన్మలో ఎరగడు.

"కొనండమ్మా," అన్నాడు, పడుకునే.

"ఏడు బడులకీనా?"

"ఏడింటికీ."

"మంచిది. ఎందుకు మంచివో ఒక్క ముక్క చెప్తే..."

ఈ లోపల పైడమ్మ ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగింది.

"మాటాడకు. అందరూ లెగిసిపోతారు. నువ్వొచ్చి ఈ గుమ్మంలో కూకో. ఎవులొచ్చినా లేపనీకు."

"మరి నువ్వో?" అని అడిగారు డాక్టరు గారు, కూర్చుంటూ.

"నానే కాపలా కాయాలనుకున్నాను. నువ్వున్నావు గదా," అంది పైడమ్మ. నాలుగడుగులు వేసి, గౌరీసు కాళ్ళ దగ్గర ఉన్న కాస్త ఖాళీలో ముడుచుకుని పడుకుంది.

నందియ దాన్ని చూశాడు. డాక్టరు గారికి కారణం చెప్పాలనే అనుకున్నాడు. ఎక్కడ మొదలుపెడితే బాగుంటుందా అని కళ్ళు మూసుకుని మొదటి మాట వెతుక్కుంటుండగానే నిద్ర పట్టేసింది.

ఆ మధ్యాహ్నం అతన్ని ఎవరూ లేపలేదు.